అరిగిపోయిన వేలిముద్ర

టైలరమ్మ ఇల్లు వదిలి వెళ్లి అప్పటికి ఒక రాత్రి గడిచింది. ఆమెను వెతకడానికి ఇద్దరు డిటెక్టివ్‌లు బయలుదేరారు. కొడుకు పెట్టుకున్నది మా మరిదిని. ఆమె ఫోన్ నేర్చుకునే కేంద్రం నడిపే హెడ్మాస్టారు పెట్టుకున్నది నన్ను. ఆయన ముందు మా మరిదికే ఫోన్ చేశాడట. వాడు ఖాళీ లేదన్నాక నా నంబరు వెతుక్కున్నాడట. ఈ సంగతి ఆయనే అమాయకంగా చెప్పాడు. దాచి ఉంటే నేను ఈ కేసు కాస్త చల్లని మనసుతో మొదలుపెట్టేదాన్ని.

మా చెల్లెలి భర్త ఈ పని నా దగ్గరే నేర్చుకున్నాడు. వీధి చివర ఎక్కడ నిలబడితే ఎవరికీ కనిపించమో, అబద్ధం చెప్పేవాడి మొహం కాక చేతులు ఎందుకు చూడాలో అన్నీ నేనే చెప్పాను. ఇప్పుడు వాడికి అద్దాల ఆఫీసు ఉంది, కింద పనిచేసే మనుషులున్నారు. నాకు చప్పుడు చేసే ఫ్యానున్న ఒక గది ఉంది. మా అమ్మ మాటకు ముందొకసారి, మాట తర్వాత ఒకసారి ‘అల్లుడుగారు’ అంటుంది. మా ఆయన కూడా వాడి జోకులకు పగలబడి నవ్వుతాడు. నాకు కడుపుమంట అని ఎవరైనా అంటే కాదనను. ఉంది.

హెడ్మాస్టారు కేంద్రం అంటే టైర్ల దుకాణం మీద రెండు గదులు. వయసు మళ్లినవాళ్లకు ఫోనూ కంప్యూటరూ ఉచితంగా నేర్పుతారు. నేర్పేవాళ్లు ఇద్దరే, ఇద్దరికీ జీతం లేదు. ఒకరు హెడ్మాస్టారు. రెండో ఆవిడ జీవితమంతా బ్యాంకు కౌంటర్ వెనక గడిపి రిటైరైంది, అందరూ ఆమెను బ్యాంకమ్మ అంటారు. ‘మీ లాక్ నంబరు కన్నబిడ్డకైనా చెప్పకండి’ అని ఆమె చేతిరాతతో గోడ మీద పెద్ద అట్ట వేలాడుతోంది.

జరిగింది హెడ్మాస్టారు వరసగా చెప్పాడు. టైలరమ్మకు అరవై దాటాయి. భర్త పోయాక బట్టలు కుట్టి కొడుకును పెంచింది, ఇప్పుడు అతని ఇంట్లోనే ఉంటోంది. ఇక్కడే ఫోన్ నేర్చుకుంటున్న ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరుతో ఆమెకు స్నేహం కుదిరింది. ఆయనకూ భార్య లేదు. ఇద్దరూ మెసేజ్‌లు రాసుకునేవారు. మొన్న మధ్యాహ్నం ఎవరో ఆమె ఫోన్ తెరిచి, ఆ మెసేజ్‌లు ఫొటోలు తీసి కొడుక్కి పంపారు. ఆ సాయంత్రమే కొడుకు ఫోన్ లాక్కున్నాడు. ఈ వయసులో ఇలాంటి రాతలు రాసే మనిషికి మతి చలించినట్టేనని, తెలిసిన డాక్టరుతో అదే మాట రాయించి ఊరవతల ఆశ్రమంలో చేరుస్తానని కేకలు వేశాడు. నిన్న పొద్దున ఆమె చేతిసంచి పట్టుకుని బయటికి వెళ్లింది, తిరిగి రాలేదు.

“తప్పిపోవడానికి ఆవిడ చిన్నపిల్ల కాదమ్మా. వెళ్లిపోయింది,” అన్నాడు హెడ్మాస్టారు. “కొడుకు కంటే ముందు మీరు కలవండి. ఏం కావాలో ఆవిణ్ణే అడగండి. ఆ డాక్టరు సంతకం పడిందంటే ఇక ఆవిణ్ణి ఎవరూ ఏమీ అడగరు.”

అదీ నా పని. ఆమెను ముందుగా కలవాలి, ఆమె నోటితో ఆమె ఇష్టం వినాలి. ఫొటోలు పంపింది ఎవరో కూడా తేల్చాలి. లేకపోతే మిగతావాళ్లు ఇక్కడికి రావడం మానేస్తారని ఆయన భయం. అప్పటికే ఆ ఉదయం క్లాసుకు ఒక్కరు తప్ప ఎవరూ రాలేదు. వచ్చిన ఆ ఒక్కడు డ్రైవరు.

ఆయన కిటికీ పక్క కుర్చీలో, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే ముందు ఒకసారి కిటికీలోంచి రోడ్డు వైపు చూసేవాడు, అద్దంలో వెనక బండి వస్తోందేమో చూసుకుంటున్నట్టు. ఫోన్‌లో తెలుగు అక్షరాలు కొట్టడం ఇద్దరూ ఒకే నెలలో నేర్చుకున్నామని చెప్పాడు. ఆమె లాక్ నంబరు తనకు తెలియదన్నాడు, అడగాలని కూడా అనిపించలేదట. ఫొటోల గురించి అడిగినప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న అడిగాను.

“ఆవిడ ఎక్కడున్నారో మీకు తెలుసు కదా?”

ఆయన ఈసారి రోడ్డు వైపు చూడలేదు.

“తెలుసు. చెప్పనని మాటిచ్చాను.”

“క్షేమంగా ఉన్నారా?”

“ఉన్నారు. మీతో మాట్లాడటం ఇష్టమేనా అని సాయంత్రం వెళ్లి అడుగుతాను. ఇష్టమంటే నేనే తీసుకెళ్తా. అప్పటిదాకా ఓపిక పట్టండమ్మా.”

పడతానన్నాను. మా మరిది మనుషులు ఊరంతా బస్టాండుల్లో తిరుగుతుంటే నేను కుర్చీలోంచి కదలకుండా కేసులో సగం తేల్చేశానని నాకు లోలోపల భలే సంతోషం వేసింది. ఇక మిగిలిన సగం ఫొటోల సంగతి.

కొడుకు ఆ ఫొటోలను హెడ్మాస్టారుకు పంపి నానా తిట్లూ తిట్టాడు. మొత్తం నాలుగు ఫొటోలు. పరాయివాళ్ల మాటలు చదవాలంటే నాకూ ఇబ్బందిగానే ఉంటుంది, కానీ చదవక తప్పలేదు. ‘మీ చొక్కా రెండో గుండీ వదులైంది, రేపు పట్టుకురండి’ అని ఆమె రాసింది. ‘గుండీ గట్టిగానే ఉంది, అయినా తెస్తాను’ అని ఆయన రాశాడు. ఇంకోచోట, ‘నిద్ర పట్టకపోతే నాకు రాయండి, నేనూ మేలుకునే ఉంటా’ అని ఉంది. దీనికే మతి చలించిందనేట్టయితే నాకు తెలిసిన కాపురాల్లో చాలావాటికి అంత అదృష్టం కూడా లేదు.

నేను మాటల కంటే ఫొటోల అంచులు ఎక్కువసేపు చూశాను. ఆమె ఫోన్‌ను బల్ల మీద పెట్టి, మరో ఫోన్‌తో పైనుంచి తీశారు. ఫోన్ కింద నిమ్మకాయల బొమ్మలున్న ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద కత్తెర జారి పడ్డ చీలిక. ఆ గుడ్డ ముందుగదిలో ఛార్జింగ్ బల్ల మీదే ఉంది. చీలిక కూడా ఫొటోలో ఉన్నట్టే, మూలకు దగ్గరగా ఉంది. టీ విరామంలో అందరూ ఫోన్లు ఆ బల్ల మీద ఛార్జింగుకు పెడతారు. పక్కనే కేంద్రం వారి ప్రాక్టీస్ ఫోన్ ఉంటుంది. కొత్తవాళ్లు మెసేజ్ పంపడం దాని మీదే నేర్చుకుంటారు. ఫొటోలు వెళ్లింది ఆ ఫోన్ నుంచే. కాబట్టి పని ఇక్కడే, టీ విరామంలోనే జరిగింది.

ఇక కొడుకు నంబరు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే కబురు చేయడానికి ప్రతి ఒక్కరూ ఇంటివాళ్ల నంబరు ఇస్తారు. అది బీరువాలో ఉంటుంది. తాళంచెవులు హెడ్మాస్టారు దగ్గర ఒకటి, బ్యాంకమ్మ దగ్గర ఒకటి ఉంటాయి. మనిషి కళ్లు తిరిగి పడితే వాడాల్సిన నంబరును ఆమె పరువు తీయడానికి వాడారు.

అయితే లాక్ ఎలా తీశారు? ఈ ప్రశ్నకు హెడ్మాస్టారు నవ్వుతూ, తమ తెలివికి మురిసిపోతూ జవాబు చెప్పాడు.

ఏళ్ల తరబడి సూదీ, ఇస్త్రీపెట్టే పట్టుకుని టైలరమ్మ వేలిముద్రలు అరిగిపోయాయట. ఎన్నిసార్లు వేలు పెట్టినా ఫోన్ గుర్తుపట్టదు. నంబరు కొట్టేలోగా కంగారు పడి మర్చిపోతుంది, ఏడుపు మొహం పెడుతుంది. ఇక్కడికి వచ్చే సగం మంది పరిస్థితి అదే. ప్రతిసారీ అలా ఆగిపోతే పాఠం సాగదు. అందుకని వీళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. నేర్పేవాళ్లు తమ వేలిని కూడా నేర్చుకునేవాళ్ల ఫోన్‌లో ఎక్కించేస్తారు. ఫోన్ మూసుకుపోతే పక్కనున్నవాళ్లు వేలు ఆనించి తెరిచేస్తారు.

“పాఠాలు అయిపోయాక తీసేస్తారా?” అన్నాను.

హెడ్మాస్టారు నవ్వు ఆగిపోయింది. “తీసేయాలని ఎవరికీ తట్టలేదమ్మా.”

లాక్ నంబరు ఎవరికీ చెప్పొద్దని గోడ మీద అట్ట పెట్టారు, కింద ఊళ్లో సగం మంది ఫోన్లు ఈ ఇద్దరి వేళ్లకు తెరుచుకుంటాయి. దుర్బుద్ధితో చేసింది కాదు. మంచితనం ఎక్కువైపోయి చేసిన తెలివితక్కువ పని. ఆమె ఫోన్‌లో ఉన్నది మీ వేలా, బ్యాంకమ్మ వేలా అని అడిగితే ఎంతమందికని గుర్తుంటుందన్నాడు.

మూడో ఫొటో నాకు బాగా ఉపయోగపడింది. అందులో తెర పైన అప్పుడే వచ్చిన మెసేజ్ కనిపిస్తోంది. ‘టీ కొట్టు దగ్గర ఉన్నా. మీకు చక్కెర లేకుండానే కదా?’ అంటే ఆ క్షణంలో డ్రైవరు కింద ఉన్నాడు. టీ కొట్టువాడిని అడిగాను. అందరికీ టీలు చెప్పి, అవి కలిపేంతసేపూ ఆయన అక్కడే నిలబడి ఫోన్‌లో ఒక్కో అక్షరం వెతుక్కున్నాడని, వెనకవాళ్లు విసుక్కున్నారని చెప్పాడు. అదే సమయానికి, టీలు వచ్చేలోగా అని, హెడ్మాస్టారు లోపలిగదిలో టైలరమ్మతో సహా అందరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి వీడియో కాల్ నేర్పుతున్నాడు. మిగతావాళ్లకు ఫోన్ చేసి అడిగితే, ఆ గదిలోంచి ఎవరూ కదల్లేదని అందరూ ఒకే మాట చెప్పారు.

ఇక మిగిలింది బ్యాంకమ్మ. ఆమె నా ముందు నిటారుగా కూర్చుంది, కౌంటర్ వెనక కూర్చున్నట్టే. టీ విరామంలో ఫోన్లకు కాపలా ఆమెదే. బల్ల దగ్గరికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. ఎవరూ రాలేదని, తాను అక్కడినుంచి ఒక్క క్షణం కూడా లేవలేదని గట్టిగా చెప్పింది. అబద్ధం చెప్పదలచుకుంటే, ‘మంచినీళ్లకు వెళ్లాను’ అని ఒక్క మాటంటే సరిపోయేది. కానీ కాపలాలో తాను ఏమరుపాటుగా ఉన్నానని ఒప్పుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆ పట్టుదలతో తన మెడకు తానే ఉరి బిగించుకుంది. నేను మొహం వదిలేసి చేతులు చూశాను. కుడిచేతి చూపుడువేలిని ఎడమచేతి పిడికిట్లో దాచుకుని ఉంది.

నాకు అర్థమైపోయింది. ఆమెను ఒక్కదాన్నే మేడ మీదికి తీసుకెళ్లి నెమ్మదిగా మాట్లాడాలనుకున్నాను. సాయంత్రం డ్రైవరుతో టైలరమ్మ దగ్గరికి వెళ్లాలి. రెండు పనులూ నా చేతిలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మెట్ల మీద మా మరిది సెంటు వాసన ముందొచ్చింది, వెనక వాడొచ్చాడు.

“వదినా, మీరు కూడా ఉన్నారా ఇక్కడ?” అన్నాడు, నేను కనిపించడం తనకు పండగైనట్టు.

చేతిలో పారదర్శకమైన కవరు, కవరులో టైలరమ్మ ఫోన్ ఉన్నాయి. ఫోన్‌కు పవర్ బ్యాంక్ తగిలించి ఉంది. ఆస్పత్రిలో సెలైన్ సీసాతో తిరిగే రోగిలా ఉందని ఎగతాళి చేశాను. ఆఫ్ కాకుండా చూసుకుంటున్నానని అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది.

వాడు తిన్నగా డ్రైవరు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. కేసు తేలిపోయిందని, ఫొటోలు పంపింది ఈ పెద్దమనిషేనని చెప్పాడు. కొడుకు గొడవ చేస్తే తల్లి ఇల్లు వదిలేస్తుంది, ఇల్లు వదిలితే తన దగ్గరికే వస్తుంది అని ఆయన పన్నాగం పన్నాడట. ఆ మాట వాడు ఎంత ధీమాగా చెప్పాడంటే, హెడ్మాస్టారు కూడా అనుమానంగా డ్రైవరు వైపు చూశాడు. మోకాళ్ల మీద డ్రైవరు వేళ్లు బిగుసుకున్నాయి.

నేను మూడో ఫొటో సంగతి చెప్పాను, టీ కొట్టు సంగతీ బల్ల మీది గుడ్డ సంగతీ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, నా భుజం మీదుగా బల్ల వైపు చూసి నవ్వాడు.

“మీరింకా టేబుల్ గుడ్డలు చూసే కాలంలోనే ఉన్నారా, వదినా? మా ఆఫీసులో కుర్రాళ్లకు మీ గురించి చెప్తుంటా. మా వదిన భూతద్దం పట్టుకుంటే చీమ కూడా లేచి సలాం కొట్టాల్సిందేనని.”

హెడ్మాస్టారు కిసుక్కున నవ్వాడు. నన్ను పెట్టుకున్న మనిషి వాడి జోకుకు నవ్వాడు. నా ఒళ్లు భగ్గుమంది. వాడు అక్కడితో ఆగలేదు. అత్తయ్యగారు ఈ రాత్రికి భోజనానికి పిలిచారని, కేసు ముగించుకుని వెళ్లాలని, మీరూ వస్తున్నారు కదా అని అడిగాడు. మా అమ్మ నన్ను పిలవలేదు. పిలవలేదన్న సంగతి వాడి కళ్లకు ముందే తెలుసు.

“అంత ఖాయంగా తెలిస్తే తేల్చేయండి మరి,” అన్నాడు కవరును బల్ల మీద పెడుతూ. “ఫోన్ ఇదిగో. మా నిపుణుడి వల్లే కాలేదు. ఇది ఎవరి వేలికి తెరుచుకుంటే ఫొటోలు తీసింది వాళ్లేనని నేనూ ఒప్పుకుంటా. అత్తయ్యగారి ముందు కూడా ఒప్పుకుంటా.”

డ్రైవరు లేచి నిలబడ్డాడు. “అమ్మా, ఆ ఫోన్ తెరవకండి. అది ఆవిడది. ఆవిడ లేనప్పుడు తెరవొద్దు.”

ఆయనకు సిగ్గు అనుకున్నాను. చదివిన మెసేజ్‌లే కదా, కొత్తగా పోయే పరువేముందని ఆయనకు నచ్చచెప్పాను. నిజానికి ఆయన మాట నా చెవికెక్కలేదు. మా అమ్మ భోజనాల బల్ల దగ్గర మా మరిది తల దించుకుని ‘వదినే తేల్చింది’ అంటున్నట్టు నా కళ్ల ముందు కనిపిస్తోంది. నాకు ఆ దృశ్యం కావాలి. బ్యాంకమ్మను మేడ మీదికి తీసుకెళ్తే అది నాకు దొరకదు.

ముందు హెడ్మాస్టారును వేలు పెట్టమన్నాను. ఆయన పెట్టాడు. ఫోన్ ఒకసారి గుర్రుమని వణికి ఊరుకుంది. తర్వాత బ్యాంకమ్మను పిలిచాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. ఫోన్లకు కాపలా తనదని చెప్పింది కదా, భయమెందుకని అడిగాను. నా గొంతు ఎంత తియ్యగా ఉందో నాకే వినిపించింది. ఆమె అందరి మొహాలూ చూసింది, వద్దనేవాళ్ల కోసం వెతికినట్టు. హెడ్మాస్టారు ‘పెట్టండమ్మా, మనకేం భయం’ అన్నాడు.

ఆమె వేలు ఆనించింది. తెర వెలిగింది, ఫోన్ తెరుచుకుంది.

నేను తిన్నగా మా మరిది మొహం చూశాను. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన చూపు అది. వాడు తల వంచి, ఓడిపోయానన్నట్టు రెండు చేతులూ ఎత్తాడు. చల్లటి నీళ్లు తాగినంత హాయిగా అనిపించింది.

బ్యాంకమ్మ కుర్చీలో కూలబడింది. ఏడవలేదు. బల్ల మీది నిమ్మకాయల బొమ్మలు చూస్తూ మాట్లాడింది.

“ఫోన్ ఆన్ చేయడం కూడా రాదావిడకి, వచ్చిన కొత్తలో. అక్షరం అక్షరం నేనే పట్టించా. మొదటి మెసేజ్ నాకే పెట్టింది. ‘నేనే రాశాను’ అని. ఇంకా దాచుకున్నా అది. రోజూ పొద్దున్నే లేవగానే ఏదో ఒకటి రాసేది. నాకు ఇంట్లో ఎవరూ లేరు. ఆ టింగ్ అనే చప్పుడు కోసం కాఫీ కూడా కలుపుకోకుండా కూర్చునేదాన్ని.”

ఆమె డ్రైవరు వైపు చూడకుండా వేలితో చూపించింది.

“తర్వాత ఈయనొచ్చారు. నాకు రాయడం తగ్గింది, ఆపై ఆగిపోయింది. క్లాసులో నా పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటూ నవ్వుకునేది. ఏంటని అడిగితే, ‘ఏం లేదండీ’ అనేది. నాతో అండీ అని. నేను నేర్పిన అక్షరాలతోనే ఆయనకు రాసుకుంటోంది, నాకు మాత్రం ఏం లేదు. మొన్న ఫోన్ బల్ల మీద వెలిగింది. వేలు దానంతటదే వెళ్లింది. కొడుకు కాస్త మందలిస్తే నాలుగు రోజులు ఆయనతో మానేసి మళ్లీ నా దగ్గరికి వస్తుందనుకున్నా. ఇంత చేస్తాడనుకోలేదు.”

హెడ్మాస్టారు తల పట్టుకున్నాడు. డ్రైవరు ఆమెను కోపంగా కూడా చూడలేదు. మీ గురించి ఆవిడ ఎప్పుడూ చెప్తుండేదని, మా టీచరమ్మ అని అనేదని మెల్లగా అన్నాడు. ఆ మాట బ్యాంకమ్మకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. అప్పుడు ఏడ్చింది.

ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు. తాను నేర్పిన విద్యతో తనను దాటి వెళ్లిపోయిన మనిషిని చూస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్లు మనకేమీ అన్యాయం చేయరు, అదే మరీ మండిస్తుంది. ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అందరం ఆమెనే చూస్తున్నాం. అందుకే మా మరిది ఏం చేస్తున్నాడో ఎవరూ చూడలేదు.

వాడు కిటికీ దగ్గర మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. చేతిలో టైలరమ్మ ఫోన్ ఉంది. బొటనవేలు తెర మీద పైకీ కిందికీ కదులుతోంది. ఒకచోట ఆగింది. వాడు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత తన సొంత ఫోన్ తీసి ఎవరికో రెండు ముక్కలు పంపాడు.

పవర్ బ్యాంక్ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఆఫ్ అయితే ఫోన్ మళ్లీ లాక్ నంబరే అడుగుతుంది, వేలు పనికిరాదు. అందుకే దానికి నిన్నటి నుంచి పవర్ బ్యాంక్ తగిలించి ఉంచాడు. అంటే వేలితో తెరుచుకుంటుందని వీడికి ముందే తెలుసు.

“నీకు దొంగ ఎవరో అక్కర్లేదు కదా?” అన్నాను.

“అక్కర్లేదు వదినా. ఆవిడ ఎక్కడుందో కావాలి.” వాడి గొంతులో వెటకారం కూడా లేదు, పని అయిపోయినవాడి తీరిక ఉంది. “టీచర్లు వేలు పెట్టి తెరుస్తారని కొడుకు చెప్పాడు, ఒకసారి ఇక్కడికొచ్చినప్పుడు చూశాట్ట. నేనడిగితే వీళ్లు పెట్టేవాళ్లు కాదు. మీరడిగితే పెడతారు. మీరడగాలంటే నేను కాస్త నవ్వాలి, అంతే.”

మరి డ్రైవరు మీద వేసిన నిందేమిటని అడిగాను. ఆయన మంచివాడేనని తనకూ తెలుసన్నాడు. ఆమె ఇష్టం కనుక్కోకుండా తీసుకెళ్లడం తప్పని అన్నాను. కొడుకు దగ్గరికి తల్లిని చేర్చడం తప్పెలా అవుతుందని అడిగాడు. నిజంగానే అడిగాడు. వాడికి అందులో తప్పేమీ కనిపించలేదు. నేను అన్నీ నేర్పానని చెప్పుకుంటాను కానీ, వెతికేవాళ్లు ఎవరి తరఫున వెతకాలో నేర్పలేదు. తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. వాడు నన్ను తాకకుండా పక్కకు ఒదిగి, మర్యాదగా తల వంచి మెట్లు దిగాడు. ఫోన్ వాడితోనే వెళ్లింది.

నేను డ్రైవరు వైపు తిరిగాను.

“అందులో ఏముంది?”

“ఇంట్లో ఉండలేకపోతే ఎక్కడికెళ్తానో మొన్న పొద్దున రాసింది. ఏ వీధి, ఏ మేడ, ఏ తలుపు కొట్టాలి, అంతా. తనతో కలిసి కుట్టుపని చేసిన ఆవిడ ఇల్లు. నాకు దారి తెలియాలని వివరంగా రాసింది.”

వెంటనే ఆ ఇంటికి ఫోన్ చేద్దామన్నాను. ఆ నంబరు టైలరమ్మ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా లేదన్నాడు. ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. ఊరి రోడ్లన్నీ ఆయనకు తెలుసు, దగ్గరిదారిన వెళ్తే వాళ్లకంటే ముందు చేరినా చేరవచ్చు. నేనూ వస్తానని సంచి అందుకున్నాను.

“మీరు రావద్దమ్మా,” అన్నాడు.

“నేను ఆవిడ తరఫునే…”

“ఆవిడ ఇష్టం అడగడానికే వచ్చానన్నారు. అందుకే ఓపిక పట్టమన్నా. ఫోన్ తెరవొద్దని కూడా చెప్పా. మీరు కూడా అడగలేదు.”

గొంతు పెంచకుండా అన్నాడు. గబగబా మెట్లు దిగి వెళ్లాడు. నేను సంచి మళ్లీ బల్ల మీద పెట్టేశాను. వెనక బ్యాంకమ్మ ఏడుపు ఆగింది. ఆమె నన్ను చూస్తోందని తిరిగి చూడకుండానే తెలిసింది. ఇద్దరం ఒకే పని చేశాం. ఆమె వేలితో చేసింది, నేను ఆమె వేలితోనే చేయించాను.

కిటికీలోంచి కిందికి చూశాను. కారు ఇంజను ఆడుతోంది. కొడుకు ముందు సీట్లో కూర్చుని, స్టీరింగ్ వైపు తలుపు దగ్గర నిలబడి ఇంకా ఫోన్ చూసుకుంటున్న మా మరిదిని త్వరగా ఎక్కమని చెయ్యి ఊపుతున్నాడు. వెనక సీట్లో ఒళ్లో బ్యాగు పెట్టుకున్న డాక్టరు తలుపు వైపుకు ఒదిగి కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు ఖాళీగా ఉంది.